లోపం లేదు

కంపాసు సరిచూసే రోజున ముళ్ళ మేస్త్రి చేతికి గడియారం పెట్టుకోడు. నడుముకి బెల్టు ఉండదు, ప్యాంటు జారకుండా నాడా కట్టుకుంటాడు. తాళాలు, కళ్ళజోడు పెట్టె, ఆఖరికి తెగిపోయిన గుండీకి బదులు పెట్టుకున్న పిన్నీసు కూడా తీసి షెడ్డు బయట పెట్టి, ఇత్తడి స్క్రూడ్రైవరు ఒక్కటి పట్టుకుని విమానం ఎక్కుతాడు. చుట్టుపక్కల ఇనుముంటే కంపాసు మనసు మార్చుకుంటుంది అంటాడు. ముప్ఫై ఏళ్ళుగా చిన్న విమానాల మీటర్లు విప్పి, వాటి ముళ్ళు సరిచేసి, మళ్ళీ బిగించడమే ఆయన పని. ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

ఆ ఉదయం సరిచూస్తున్న కంపాసు ఆ విమానంలోది కాదు. పదకొండు రోజుల కిందట కొండరాళ్ళ మీద పడి ముక్కలైన దాని జోడీ విమానంలోది. ఆ ప్రమాదంలో రెక్క విరిగింది, ముందు అద్దం పొడైంది, వెనక సీట్లో కూర్చున్న పళ్ళ డాక్టరు అక్కడికక్కడే పోయాడు. కంపాసు గాజు మీద మాత్రం గీత కూడా పడలేదు. దాన్ని తెచ్చి అదే రకం విమానంలో బిగించి, తన కళ్ళ ముందు సరిచూడమన్నాడు విచారణకి వచ్చిన ఆఫీసరు. ఆ రోజు విమానం నడిపినవాడు మేస్త్రికి స్వయానా బావమరిది.

షెడ్డు ముందు సిమెంటు నేల మీద తెల్లరంగుతో పెద్ద వృత్తం, ముప్ఫై డిగ్రీలకొక గీత చొప్పున పన్నెండు గీతలు గీసి ఉన్నాయి. ఇద్దరు కూలీలు తోక పట్టుకుని విమానాన్ని ఒక్కొక్క గీత మీదికి తిప్పుతున్నారు. తిప్పినప్పుడల్లా కంపాసు లోపల నూనెలో తేలే అంకెల చక్రం కాసేపు ఊగుతుంది. అది ఆగేదాకా మేస్త్రి ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, అంకె చదివి, కిటికీలోంచి పైకి చెబుతాడు. ఆఫీసరు పెన్సిలుతో రాసుకుంటాడు. కుర్రవాడే గానీ ఎంత మెత్తటి మనిషంటే, కోప్పడదామన్నా ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

పన్నెండు గీతలూ అయ్యాయి. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, తను సరిచేసిన మీటరు తప్పు చూపిస్తే బాగుండునని మేస్త్రి కోరుకున్నాడు. అది వినలేదు.

"ఎక్కువలో ఎక్కువ రెండు డిగ్రీలు తేడా" అన్నాడు ఆఫీసరు, లెక్క చూసుకుని. "అంటే కంపాసు మంచిదే. మీరు తేడాలు రాసి దాని కింద అంటించిన కార్డు కూడా సరిగ్గానే ఉంది. మీ బావమరిదేమో తను చివరిదాకా రెండొందల నలభై డిగ్రీల మీదే నడిపానంటున్నాడు. అలా నడిపితే ఊరి మీదికి చేరేవాడు. యాభై కిలోమీటర్లు పక్కకి పోయి, పెట్రోలు అయిపోయి, రాళ్ళలో పడ్డాడు. యంత్రం తప్పు కాకపోతే మనిషి తప్పే కదండీ."

"మనిషి తప్పయితే?"

"లైసెన్సు పోతుంది. డాక్టరుగారి చావుకి కేసు కూడా పెడతారు. ఆ తర్వాతది నా చేతుల్లో ఉండదు."

విమానాల ఓనరు పక్కనే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా నలక్కుండా. "నేను మొదట్నించీ అంటూనే ఉన్నానండీ" అన్నాడు. "అరచేతిలో పట్టే ఆ జీపీఎస్ వాడి సొంత సరుకు. కొండలెక్కేవాళ్ళు మెడలో వేసుకుపోయే బొమ్మ. దాన్ని నమ్ముకుని గాల్లోకి లేస్తే ఇంతే. దాని బ్యాటరీలు అయిపోయేసరికి వీడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. విమానంలో దారి చూపించే రేడియో పరికరం రిపేరుకని తీసుకుపోయి ఏడు నెలలైంది. దాని స్థానంలో రేకు ముక్క బిగించింది మేస్త్రే. ఎప్పుడొస్తుందండీ అని అడిగితే, చేతిలో అంత మంచి జీపీఎస్ ఉండగా దానితో పనేమిటని నవ్వింది ఈ ఇస్త్రీ చొక్కాయే. ఆ మాట ఆఫీసరు ముందు అనేశాడు. ఓనరు కనుబొమ్మ కూడా కదల్చలేదు.

"చూశాను" అన్నాడు ఆఫీసరు మెత్తగా. "పరికరం లేదని విమానం పుస్తకంలో రాసే ఉంది. వాతావరణం బాగుంటేనే ఎగరాలని కూడా రాసి ఉంది. కింద పైలట్ సంతకం ఉంది. ఇంకోటి కూడా ఉంది." పుస్తకం పేజీ తిప్పి చూపించాడు. ప్రమాదానికి నెల ముందటి తేదీ. బావమరిది కోడిగీతల్లో, కంపాసు తేడాగా చూపిస్తోంది, అని ఉంది. దాని కింద మేస్త్రి గుండ్రటి అక్షరాలు. సరిచూశాను. లోపం లేదు.

"మీ పని మీరు చేశారు" అన్నాడు ఆఫీసరు.

అది మెచ్చుకోలే. మేస్త్రికి మాత్రం ఎవరో నెత్తిన మొట్టినట్టుంది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చుంది. ఆవిడ లెక్కల టీచరు. పేపర్ల కట్ట విప్పలేదు. ఒక పాత జవాబుపత్రం వెనక తెల్లకాగితం మీద స్కేలూ కోణమానినీ పెట్టి గీతలు గీస్తోంది. మొగుడు చెప్పులు విడవకముందే అడిగింది.

"ఎంత చూపించింది?"

"రెండు డిగ్రీలు."

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. కాగితం ఆయన వైపు తిప్పింది. "ఇక్కడ బయల్దేరాడు. పావుగంట తర్వాత జీపీఎస్ ఆరిపోయింది. అప్పటిదాకా దారి తప్పలేదని మీవాళ్ళే ఒప్పుకున్నారు కదా, దాని జ్ఞాపకంలో దారంతా గీతలా దొరికిందని. అక్కణ్ణించి నలభై నిమిషాలు, గంటకి నూట ఎనభై చొప్పున, నూట ఇరవై కిలోమీటర్లు. వాడు పడ్డచోటు ఇది. రెండు చుక్కలూ కలిపితే కోణం ఎంతో చూడండి. రెండొందల అరవై అయిదు. నలభై కాదు."

"అదే వాళ్ళూ అంటున్నారు. ఇరవై అయిదు డిగ్రీలు పక్కకి పోయాడని."

"పక్కకి పోవడం వేరు, తిన్నగా పక్కకి పోవడం వేరు. కంగారుపడ్డవాడు అటోసారి ఇటోసారి తిప్పుతాడు. దారిలో వాగు దగ్గర పశువులు కాసేవాళ్ళు చూశారుటగా, ఆ చోటు కూడా సరిగ్గా ఈ గీత మీదే ఉంది. వాడు తిన్నగా పోయాడండీ. దేన్నో చూసుకుంటూ, దాన్ని నమ్మి పోయాడు."

పెన్సిలు కింద పెట్టింది. వేళ్ళకి సుద్ద అంటుకునే ఉంది. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్ళు, ఆవిడకి పదహారు. వాడికి ఎక్కాలు నేర్పిందీ, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుందీ, పైలట్ అవుతానంటే చెవులు మెలిపెట్టి తర్వాత ఒప్పుకుందీ ఆవిడే.

"మావాడు బద్ధకస్తుడు, తిండిపోతు, మాటంటే పడడు. అబద్ధం మాత్రం ఆడడు" అంది. "ఆ కంపాసులో ఏదో ఉంది. మీ మీటర్ల మాట మీకంటే ఎవరికి తెలుస్తుంది? వెతకండి. వాణ్ణి వాళ్ళు తినేయకముందే వెతికి పెట్టండి."

మేస్త్రి తలూపాడు. కంచంలో అన్నం కెలికి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాడు. చిన్నోడు అని ఇంట్లో అందరూ పిలిచే ఆ ముప్ఫై ఆరేళ్ళ మనిషి మంచం చివరిదాకా పట్టీ కట్టిన కాలు చాపుకుని, గోడ వైపు చూస్తున్నాడు. దవడ మీద కుట్లు. పక్కమంచాల వాళ్ళు తన సంగతి పేపర్లో చదివారని నర్సు చెప్పిందట, అప్పట్నించీ అటు తిరగడం మానేశాడు.

"సరిచూశారటగా" అన్నాడు.

"సరిచూశాం."

"బాగానే ఉందటగా."

మేస్త్రి స్టూలు దగ్గరికి లాక్కుని, "మొదట్నించీ చెప్పరా" అన్నాడు. "ఆఫీసరుకి చెప్పినట్టు కాదు, నాకు చెప్పు."

"చెప్పడానికేముంది బావా. కింద అంతా పొగమంచు. జీపీఎస్ బాణం చూసుకుంటూ పోతున్నా. బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి వేస్తే అవీ చచ్చాయి, చెమ్మ తగిలినట్టుంది. సరే, కంపాసుంది కదా అనుకున్నా. కాగితం మీద రెండొందల నలభై అని రాసుకున్నా. కంపాసేమో అప్పటికి రెండొందల పదిహేను చూపిస్తోంది."

"బాణం చెప్పినట్టు సరిగ్గా పోతుంటేనా?"

"అదే కదా. ఏ పక్కనుంచో గాలి తోస్తోందేమో, నేనే ముక్కు కాస్త తిప్పి పట్టానేమో అనుకున్నా. అప్పుడూ ఇలాగే ఉంటేనే నెల కిందట తేడాగా ఉందని రాశా. నువ్వు చూసి బాగుందన్నావు. కంపాసుకేం లేదు, ముందు నీ కళ్ళు చూపించుకో అన్నావు." చిన్నోడు నవ్వబోయాడు, కుట్లు లాగాయి. "నీ మాట మీద విమానం తిప్పి రెండొందల నలభై మీదికి తెచ్చుకున్నా. మళ్ళీ కదిలించలేదు. పళ్ళ డాక్టరు ఆవలిస్తున్నాడు. ఇంకెంతసేపు అంటే పావుగంట అన్నా. ఎంతకీ ఊరు రాలేదు."

పళ్ళ డాక్టరు వారానికోసారి ఆ విమానంలో కొండల అవతలి ఊళ్ళకి పోయేవాడు. పోయిన ఏడాది షెడ్డులోనే, పెట్రోలు డ్రమ్ము మీద కూర్చోబెట్టి, మేస్త్రి దవడ పన్ను పీకిపెట్టాడు. నొప్పి తెలియకుండా కబుర్లు చెబుతూ పీకాడు.

"ఇప్పుడేమనిపిస్తోందో చెప్పనా?" అన్నాడు చిన్నోడు గోడకేసి చూస్తూనే. "నేను అసలు రెండొందల నలభై చూడలేదేమో. చూశాననుకుంటున్నానేమో. నాకు బుర్రలో ఏదో అయ్యింది బావా. కళ్ళు మూసుకుంటే ఆ అంకె స్పష్టంగా కనపడుతుంది. కనపడింది కాబట్టే భయమేస్తోంది. ఎదురుగా ఉన్న అంకెని తప్పు చదివేవాణ్ణి రేపు రోడ్డు మీద సైకిలు కూడా తొక్కనివ్వకూడదు."

మేస్త్రి ఏదో ధైర్యం చెప్పాడు. ఏం చెప్పాడో బయటికొచ్చాక తనకే గుర్తులేదు.

మూడో రోజు ఆఫీసరు షెడ్డులో ఒక బల్ల వేయించుకుని, రాళ్ళలోంచి ఏరుకొచ్చిన వస్తువుల జాబితా రాస్తున్నాడు. ఏది విమానానిది, ఏది మనుషులది అని చెప్పడానికి మేస్త్రిని కూర్చోబెట్టుకున్నాడు. సంచుల సీళ్ళు తెంచి ఒక్కొక్కటీ ఇనప పళ్ళెంలో పోస్తున్నారు. డాక్టరుగారు పళ్ళు చూసే అద్దం పుల్ల, డాక్టరుగారి కళ్ళజోడు, విమానం తలుపు గొళ్ళెం, జీపీఎస్, దాన్ని బిగించే ప్లాస్టిక్కు పట్టు, దాని వైరు, ఆ వైరు చివర నల్లటి బొత్తాం లాంటి యాంటెన్నా.

"ఇదేమిటి?"

"దాని యాంటెన్నా అండీ. జీపీఎస్‌ని కింద పెట్టుకుంటే పైనున్న రెక్క అడ్డం, ఉపగ్రహాలు అందవు. అందుకని ఈ బిళ్ళని అద్దం దగ్గర గట్టు మీద పెట్టుకుంటారు."

"అయితే పైలట్‌ది" అని రాసుకుని, ఆఫీసరు పళ్ళెం ఎత్తి సామానంతా పక్కపెట్టెలోకి ఒంపాడు. అన్నీ గలగలా జారిపోయాయి. నల్లబిళ్ళ ఒక్కటీ జారలేదు. పళ్ళేనికి అంటుకుని, వైరు కిందికి వేలాడేసుకుని అక్కడే ఉండిపోయింది. ఆఫీసరు ఫోను మోగితే పళ్ళెం అలాగే బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళాడు.

మేస్త్రి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పీకాడు. అది కాస్త మొరాయించి, చిన్న చప్పుడుతో ఊడొచ్చింది. ఆ లాగుడు వేళ్ళకి కొత్త కాదు.

ప్రమాదానికి నెల ముందు, కంపాసు సరిచూడబోతూ, విమానంలోంచి పైలట్ సామానంతా తీసేయించాడు. పెన్నులు, ఫోను, నల్లకళ్ళద్దాలు. ఈ బిళ్ళని మాత్రం తనే తీశాడు. తీసి, షెడ్డు బయటున్న తన ఇనప పనిముట్ల పెట్టె మీద పెట్టాడు. అది టక్కున అంటుకుంది. పన్నెండు గీతలూ తిరిగి, పుస్తకంలో సంతకం పెట్టి దిగాక, పెట్టె మీదనుంచి ఇలాగే పీకి, ఇదుగో నీ బొమ్మ అని చిన్నోడి చేతిలో పెట్టాడు. చిన్నోడు దాన్ని అద్దం కింద గట్టు మీద, రోజూ పెట్టుకునే చోటే పెట్టుకున్నాడు. కంపాసుకి జానెడు కింద.

అది కార్లకి అమ్మే యాంటెన్నా. కారు పైకప్పుకి అంటుకుని ఉండాలని అడుగున అయస్కాంతం పెడతారు. చొక్కా పిన్నీసు కూడా భరించలేని మనిషి, అయస్కాంతాన్ని చేత్తో పీకి కంపాసు కిందికి సాగనంపాడు. చేతికి తెలిసింది, బుర్ర చెవిన వేసుకోలేదు. విమానాన్ని తుడిచి కడిగినంత శుభ్రంగా ఖాళీ చేసి సరిచూశాడు. అలా ఖాళీగా ఆ విమానం ఒక్క రోజు కూడా ఎగరలేదు.

లేచి విమానం దగ్గరికి వెళ్ళాడు. నడుముకి బెల్టు ఉంది, చేతికి గడియారం ఉంది, పట్టించుకోలేదు. బిళ్ళని గట్టు మీద పెట్టాడు. అంకెల చక్రం బద్ధకంగా కదిలింది. పది డిగ్రీలు జరిగింది, ఇరవై దాటింది, ఇరవై అయిదు దగ్గర ఊగి ఊగి ఆగింది. బిళ్ళ తీశాడు. చక్రం వెనక్కి వచ్చింది. మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టి తీశాడో లెక్క లేదు. జీపీఎస్ చచ్చిపోయినా దాని యాంటెన్నా మాత్రం నలభై నిమిషాలపాటు కంపాసుని పక్కకి లాగుతూనే ఉంది.

ఆయనకి మొదట కలిగింది భయం కాదు, సంతోషం. పచ్చిగా చెప్పాలంటే ఎగిరి గంతేయాలనిపించింది. చిన్నోడు అబద్ధం ఆడలేదు, తప్పు చదవలేదు, వాడి బుర్రకేం కాలేదు. ఆ వెనకే రెండోది వచ్చింది. ఈ మాట చెబితే ముప్ఫై ఏళ్ళ సంతకం గంగలో కలుస్తుంది, డాక్టరు చావు తన మెడకి చుట్టుకుంటుంది. విమానం లోపల సీట్లో కూర్చుని అరగంట ఆలోచించాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ బిళ్ళ పెట్టెలోకి పోతుంది, పెట్టె బీరువాలోకి పోతుంది. చిన్నోడు మాత్రం బతికినన్నాళ్ళూ ఆ అంకెని తలుచుకుని గోడ వైపు తిరుగుతాడు.

దిగి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. దాచకుండా మొత్తం చెప్పాడు. పెట్టె మీద పెట్టడం, అంటుకోవడం, పీకి ఇవ్వడం, ఏదీ వదల్లేదు.

నాలుగో రోజు పొద్దున్న మళ్ళీ పన్నెండు గీతలు తిప్పారు, ఈసారి బిళ్ళ పెట్టి. రెండొందల నలభై గీత మీద కంపాసు రెండొందల పదిహేను చూపించింది. చిన్నోడు చెప్పిన అంకె, ఒక్క డిగ్రీ తేడా లేకుండా. మేస్త్రి కిటికీలోంచి ఆ అంకె రెండుసార్లు పైకి చెప్పాడు. కూలీల్లో పెద్దవాడు తోక వదిలేసి, "అయితే మన చిన్నసారు తప్పు లేదన్నమాట!" అని అరిచాడు.

ఆఫీసరు పెన్సిలు చెవి మీద పెట్టుకుని చాలాసేపు కాగితాలు తిరగేశాడు. తర్వాత మేస్త్రిని షెడ్డు నీడలోకి తీసుకెళ్ళాడు.

"చాలా మంచి పని చేశారు మేస్త్రిగారూ. మీరు లేకపోతే ఇది బయటపడేది కాదు. నిన్నటిదాకా నా దగ్గర అనుమానమే ఉంది. మంచులో అంకె తప్పు చదివాడో, గాలి తోసిందో, గట్టిగా ఏదీ తేల్చలేకపోయేవాణ్ణి. ఏదో ఆరు నెలలు లైసెన్సు ఆపి, మళ్ళీ పరీక్ష పెట్టి వదిలేసేవాళ్ళేమో కూడా. ఇప్పుడు ఋజువు దొరికింది."

"ఋజువే కదండీ. యంత్రం తప్పని."

"యంత్రం ఏం తప్పు చేసింది?" ఆఫీసరు నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "కంపాసు మంచిది. మీ కార్డు మంచిది. విమానం సామాను పట్టీలో ఈ యాంటెన్నా లేదు, జీపీఎస్ కూడా లేదు. సొంతంగా తెచ్చుకున్న అయస్కాంతాన్ని పైలట్ తన చేత్తో కంపాసు కింద పెట్టుకున్నాడు. ఒక మనిషి పోయాడు. ఇంక ఇందులో అనుమానానికి చోటెక్కడుంది?"

"వాడు తేడాగా ఉందని రాశాడు కదండీ. నేను బాగుందని రాశాను" అన్నాడు మేస్త్రి.

"సరిచూసేటప్పుడు సొంత వస్తువులు తీసేయాలని రూలు. మీరు తీసేశారు."

"తీసి, మళ్ళీ నేనే ఇచ్చాను."

"అక్కడ పెట్టుకోమన్నారా?"

"వద్దనలేదు."

"వద్దనాలని రూల్లో లేదండీ."

"అది అయస్కాంతమని ఆ రోజు నా చేతికి తెలుసు."

"చేతికి తెలిసినవి రాసుకోవడానికి నా కాగితంలో గడి లేదు" అన్నాడు ఆఫీసరు. వెటకారం కాదు, జాలిగానే అన్నాడు. "మీ మీద ఏమీ రాయలేను. రాయాలనుకున్నా కుదరదు. పైగా ఇలాంటి యాంటెన్నాలు కంపాసు దగ్గర పెట్టకూడదని అన్ని షెడ్లకీ ఉత్తరం పంపిస్తాం. కనిపెట్టింది మీరని అందులో ఉంటుంది."

ఓనరు దూరంనుంచే విన్నాడో, ఎవరైనా చెప్పారో, నవ్వు మొహంతో వచ్చి మేస్త్రి భుజం తట్టాడు. మా మేస్త్రి బంగారం, అన్నాడు. సాయంత్రం పైలట్లందరినీ పిలుస్తానని, నాలుగు ముక్కలు చెప్పమని అడిగాడు. ఏడు నెలల నాటి రేకు ముక్క ఊసు ఎవరూ ఎత్తలేదు. మేస్త్రి భుజం మీద చెయ్యి తీసేదాకా నిలబడి, పనిముట్ల పెట్టెకి తాళం వేయకుండానే బయటికి నడిచాడు.

ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఆఫీసరు మనిషి అప్పటికే వచ్చి, కాగితం చదివి వినిపించి, చిన్నోడి సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. చిన్నోడు గోడ వైపు లేడు. తలగడ ఎత్తుగా పెట్టించుకుని తలుపు వైపే చూస్తున్నాడు.

"రెండొందల పదిహేను వచ్చిందా?" అన్నాడు.

"వచ్చిందిరా."

"అయితే నేను సరిగ్గానే చూశాను." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "పద్నాలుగు రోజులుగా పిచ్చోణ్ణయ్యానేమోనని చస్తున్నా బావా. చాలు. లైసెన్సు పోతే పోయింది, కోర్టంటే కోర్టు. ఆ బిళ్ళ పెట్టింది నేనే కదా."

"ఆ బిళ్ళ సంగతి..."

"తెలుసు. నీ పెట్టె మీద పెట్టావు. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ తట్టలేదు." గొంతు తగ్గించాడు. "అక్కకి మాత్రం చెప్పకు. నాకెలాగూ పడింది, మీ ఇద్దరి మధ్య ఇదెందుకు? నేను చెప్పినట్టు ఊరుకో."

మేస్త్రి జవాబు వెతుక్కునే లోపలే ఆవిడ వచ్చింది. బడినుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఒక చేత్తో క్యారియరు, ఇంకో చేత్తో పుస్తకాల సంచి. ఇద్దరి మొహాలూ చూసి, క్యారియరు కింద పెట్టకుండానే, "ఏమైంది?" అంది.

చిన్నోడు చెప్పాడు. తనే తెచ్చుకున్న యాంటెన్నా అనీ, దాని కింద అయస్కాంతమనీ, కంపాసు పక్కన పెట్టుకున్నది తనేననీ, తప్పంతా తనదేననీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ దుప్పటి కిందనుంచి మేస్త్రి మణికట్టు గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

ఆవిడ వింది. అరవలేదు. తమ్ముడి నుదురు మీద చెయ్యి వేసి, "ఇరవై అయిదు డిగ్రీలు" అంది, తన లెక్క సరిపోయినట్టు. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీరేం చేస్తారు పాపం, మూడు రోజులుగా తిండి కూడా మాని వెతికారు" అంది. మేస్త్రి తల ఎత్తలేదు. ఆవిడ క్యారియరు స్టూలు మీద పెట్టి, గిన్నెలు విడదీస్తూ ఆగిపోయింది. బోర్డు మీద లెక్కలో ఒక మెట్టు తప్పిపోయిందని తెలిసినప్పుడు ఆవిడ అలాగే ఆగుతుంది.

"మరి మీరు కంపాసు సరిచూసిన రోజున అదెక్కడుంది?"

ఆఫీసరు నాలుగు రోజులు అడగని ప్రశ్న అది.

"నా జేబులో" అన్నాడు చిన్నోడు వెంటనే. మణికట్టు మీద పట్టు బిగిసింది.

మేస్త్రి రెండో చేత్తో ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. "నా పెట్టె మీద" అన్నాడు. "విమానంలోంచి నేనే తీశాను. తిరిగి నేనే ఇచ్చాను."

"ఇనప పెట్టె మీదా?"

"అవును."

"అంటుకుందా?"

"అంటుకుంది."

"తెలిసిందా మీకు?"

"చేతికి తెలిసింది. ఆగి ఆలోచిస్తే బుర్రకీ తెలిసేది. ఆగలేదు. వాడి కళ్ళు బాగాలేవని ఎగతాళి చేసి సంతకం పెట్టాను. నిన్ననే అంతా చెప్పాను వాళ్ళకి. రూలు ప్రకారం నా తప్పేమీ లేదన్నారు. ఉత్తరంలో నా పేరు రాస్తారట, కనిపెట్టానని."

పక్కమంచం మీది ముసలాయన దగ్గడం ఆపాడు. ఆవిడ మొగుణ్ణి చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ చూపు ఆయన ఎన్నడూ ఎరగడు. కోపమైతే ఎలా తట్టుకోవాలో తెలుసు.

"డాక్టరుగారికి పిల్లలున్నారా?" అని అడిగింది చివరికి.

"ఇద్దరు."

ఆవిడ తలూపింది. గిన్నెలో అన్నం కలిపి, తమ్ముడి దవడ కుట్లు కదలకుండా చిన్నచిన్న ముద్దలు చేసి నోటికి అందించసాగింది. మొగుడి వైపు చూడకుండానే అంది.

"మీరు బయట కూర్చోండి."

"అక్కా" అన్నాడు చిన్నోడు.

"నువ్వు తిను."

మేస్త్రి లేచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఎవరివో మందుల చీటీలు గాలికి ఎగురుతున్నాయి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నాలుగు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు తగ్గలేదు, తగ్గేది కూడా కాదు. కానీ అది తనదేనని ఎవరో ఒకరు ఒప్పుకున్నారు. అందుకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళ వేళ అయిపోయిందని నర్సు గంట కొట్టుకుంటూ వెళ్ళింది. అందరూ వెళ్ళిపోతున్నారు. ఆవిడ పిలిచేదాకా లేవకూడదనుకుని ఆయన అక్కడే కూర్చున్నాడు.